గోదారి మోసుకొచ్చిన వింతలు

వరద తీసిన తర్వాత కోనసీమ లంకల్లోకి దిగి పిడికెడు ఒండ్రు చేతిలోకి తీసుకోండి. మెత్తగా, ఇంకా చెమ్మగా ఉంటుంది. దాన్ని మనం కోనసీమ మట్టి అనుకుంటాం గానీ, అది అక్కడ పుట్టింది కాదు. అందులో కొంత మరాఠ్వాడా నల్లరేగడి, కొంత విదర్భ పొలాలది. ఇంకొంత బస్తర్ అడవిలోది, ఒడిశా కొండలది. వందల కోసుల అవతల వాన కరిగించిన నేలని గోదారి మోసుకొచ్చి ఇక్కడ దించింది.

ఈ నదీలోయలో ‘అతి పెద్దది’, ‘మొట్టమొదటిది’, ‘మరెక్కడా లేనిది’ అనిపించుకునేవి చాలానే ఉన్నాయి. వాటిని ఒక్కచోట పేర్చి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. దిగువన మనం చూసి మురిసిపోయే వాటిలో చాలావాటి మూలం ఎగువన ఎక్కడో ఉంది.

ఇటు సముద్రం, అటు ప్రయాణం

గోదావరి పుట్టింది మహారాష్ట్రలోని నాశిక్ దగ్గర, త్ర్యంబకేశ్వరం పక్కనున్న బ్రహ్మగిరి కొండల్లో, 1,067 మీటర్ల ఎత్తున. అక్కడి నుంచి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా నేల తూర్పుకి వాలి ఉండడం వల్ల నది అటు వెళ్లలేదు. దక్కనుని అడ్డంగా దాటుకుంటూ 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దేశంలో గంగ తర్వాత పొడవైన నది ఇదే. దక్షిణాదిలో దీన్ని మించినది లేదు.

పదో వంతు దేశం

గోదావరిలోకి నీరు చేరే నేల మొత్తం 3,12,812 చదరపు కిలోమీటర్లు. అంటే దేశంలో ఇంచుమించు పదో వంతు. అందులో సగానికి దగ్గరగా మహారాష్ట్రదే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశాలతో పాటు కర్ణాటక కొస, పుదుచ్చేరికి చెందిన యానాం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఉపనదుల్లో పొడవైనది మంజీర, 724 కిలోమీటర్లు. పెద్దది మాత్రం ప్రాణహిత. పెన్‌గంగ, వార్ధా, వైన్‌గంగ మూడూ కలిసి ప్రాణహిత అవుతాయి. పరీవాహక ప్రాంతంలో మూడో వంతు నేల మీది నీరు దీని దారినే వస్తుంది. ఎండాకాలంలో మంచిర్యాల దగ్గర ఇసుకతిన్నెలా కనిపించే గోదావరి కాళేశ్వరం దాటాక మళ్లీ నదిలా కనిపించడానికి ఈ ప్రాణహితే కారణం.

నీటికన్నా ముందు నిప్పు నడిచిన దారి

రాజమండ్రి శివారు కాతేరులో, ఏరు దాటితే పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో నల్లరాతి క్వారీలున్నాయి. మన రోడ్ల మీద పరిచే కంకర చాలావరకు అక్కడిదే. ఆ రాయి ఈ నేలది కాదు. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు భూమి నెర్రెలు విచ్చి లావా పొంగింది. ఆ లావా పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడ, అప్పటి సముద్రపుటొడ్డున చల్లారిందని భూగర్భ శాస్త్రజ్ఞుల నిర్ధారణ. భూమ్మీద తెలిసిన లావా ప్రవాహాల్లో అతి పొడవైనవి ఇవే కావచ్చని వారి అభిప్రాయం. రాతి పొరల మధ్య ఇప్పటికీ సముద్రపు గుల్లలు దొరుకుతాయి.

అదే రాతిలో కైలాసం

ఆ లావా గడ్డకట్టిన కొండల్లోనే ఎల్లోరా ఉంది. అక్కడ పారే ఏలగంగ నీరు కూడా చివరికి గోదావరికే చేరుతుంది. పదహారో గుహగా పేరుపడ్డ కైలాస దేవాలయాన్ని 8వ శతాబ్దంలో రాష్ట్రకూటులు చెక్కించారు. రాయి మీద రాయి పేర్చి కట్టిన గుడి కాదది. కొండని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి గోపురాన్ని, మండపాన్ని, ఏనుగుల్ని ఒకే రాతిలోంచి బయటికి తీశారు. ఏకశిలా నిర్మాణాల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా దీన్ని చెబుతారు. ఎగువన శిల్పి ఉలికి గుడైన రాయికి, దిగువన మన ఊరి రోడ్డులో కంకరైన రాయికి పుట్టిల్లు ఒకటే.

రవీంద్రుడి పేరున్న రాక్షసబల్లి

కాళేశ్వరానికి ఆవలి ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర పోచంపల్లి అనే పల్లె ఉంది. చీరల పోచంపల్లి వేరు, ఇది వేరు. 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులకి అక్కడి పొలాల్లో పెద్దపెద్ద ఎముకలు దొరికాయి. అది రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి కాలం. అందుకని ఆ జంతువుకి ‘బరపాసారస్ టాగొరై’ అని పేరుపెట్టారు. బెంగాలీలో ‘బరపా’ అంటే పెద్ద కాలు. కవి పేరు మోసిన రాక్షసబల్లి అది. ఇదే లోయలో దొరికిన మరొక జాతి ‘కోటసారస్ యమనపల్లియెన్సిస్’. సిరొంచ వైపు కోట, తెలంగాణ వైపు యమనపల్లి, రెండు ఊళ్ల పేర్లూ దాని పేరులో నిలిచిపోయాయి. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు.

దేశంలో అతి వెడల్పాటి జలపాతం

ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి బస్తర్ మీదుగా వచ్చి కాళేశ్వరానికి దిగువన గోదావరిలో కలుస్తుంది. దారిలో జగదల్‌పూర్ దగ్గర చిత్రకోట్ వద్ద గుర్రపు లాడం ఆకారంలో కిందికి దూకుతుంది. ఎత్తు 30 మీటర్లకి కొంచెం తక్కువే గానీ, నిండు వానాకాలంలో వెడల్పు సుమారు 300 మీటర్లు ఉంటుంది. అక్కడ ఎర్రగా దూకిన నీరే కొన్నాళ్లకి మన ధవళేశ్వరం చేరుతుంది.

ఒక పానవట్టం, రెండు లింగాలు

ప్రాణహిత, గోదావరి కలిసే చోటున్న కాళేశ్వర ముక్తీశ్వరాలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాలుడిది, రెండోది ముక్తీశ్వరుడిది. తెలుగు నేలకి త్రిలింగ దేశమన్న పేరు కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం క్షేత్రాల వల్ల వచ్చిందని నానుడి. ఆ మూడింటిలో రెండు గోదావరి లోయలోనివే.

తేలే ఇటుకల గుడి

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. దేవుడు రామలింగేశ్వరుడైనా, గుడికి మాత్రం శిల్పి పేరే స్థిరపడిందని చెబుతారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలేంత తేలిక. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద కట్టడం మరో విశేషం. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ గౌరవం దక్కిన తొలి కట్టడం ఇదే.

బెల్లమే బంగారం

రామప్పకి అట్టే దూరం లేని మేడారంలో రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. దేశంలో అతి పెద్ద గిరిజన జాతరగా పేరుపొందింది. అక్కడ గుడి లేదు, విగ్రహం లేదు. గద్దెలు, వెదురు కర్ర, కుంకుమ భరిణె ఉంటాయి. కోయ పూజారులు అడవిలోంచి తల్లుల్ని తీసుకొస్తారు. భక్తులు తమ ఎత్తు ‘బంగారం’ ఇస్తారు. ఆ బంగారం అంటే బెల్లం. జనం స్నానాలు చేసే జంపన్న వాగు కూడా గోదావరికే చేరుతుంది.

భద్రాచలంలో ఎన్ని అడుగులు?

శ్రావణ భాద్రపదాల్లో లంకల్లో ఉండేవాళ్లు పొద్దున లేవగానే అడిగే మొదటి మాట ఇది. భద్రాచలం రేవులో 43 అడుగులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ గోదావరి జిల్లాల్లో చదువురాని వాళ్లకి కూడా కంఠతా వచ్చు. రెండోది దాటిందంటే పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలాలి. మూడోది దాటిందంటే ధాన్యం అటక మీదికెక్కించాలి, పిల్లల్ని, ముసలివాళ్లని పడవెక్కించాలి.

ఇప్పటిదాకా నమోదైన ఎత్తుల్లో పెద్దది 1986 ఆగస్టు నాటి 75.6 అడుగులు. ఆ వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకి పోయింది. అంటే సెకనుకి దాదాపు పది కోట్ల లీటర్లు. ఆ ఏడు గట్లు తెగి ఊళ్లకి ఊళ్లు మునిగాయి. గోదావరి జిల్లాల్లో ఆ తరం వాళ్లు నేటికీ వయసులు, పెళ్లిళ్లు ‘ఎనభై ఆరు వరదకి ముందు, తర్వాత’ అని లెక్కేసుకుంటారు. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది. సాధారణంగా పెద్ద వరదలు ఆగస్టులో వస్తాయి. జులైలోనే అంత నీరు రావడం పెద్దవాళ్లని సైతం బెదరగొట్టింది.

ఈ వరదల్ని దృష్టిలో పెట్టుకునే పోలవరం స్పిల్‌వేని 48 గేట్లతో, 50 లక్షల క్యూసెక్కులు వదిలేలా కట్టారు. ఇంత నీటిని వదలగల స్పిల్‌వేలు ప్రపంచంలో అరుదు. అయితే ఈ గొప్ప అంకె పక్కన మరో మాట తప్పకుండా రాయాలి. ఆ జలాశయం కోసం పాపికొండల దాపున కోయలు, కొండరెడ్లు తరతరాలుగా బతికిన పల్లెల్ని వదులుకున్నారు, ఇంకా వదులుకుంటున్నారు. వాళ్ల త్యాగాన్ని కూడా కొలతల్లో చేర్చినప్పుడే ఆ లెక్క పూర్తవుతుంది.

ఇసుక మీద నిలిచిన గోడ, ఏటి మీద పారే కాలవ

1830లలో కరువు, తుపాను వెంటవెంటనే వచ్చి గోదావరి జిల్లాని తుడిచిపెట్టాయి. గోదావరి నిండుగా సముద్రంలోకి పోతుంటే గట్టు మీద జనం ఆకలితో చచ్చిపోయారు. ఆ పరిస్థితి చూసిన ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని పట్టుబట్టాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. అక్కడ అడుగున బండ లేదు, అంతా ఇసుకే. ఇసుక మీద రాతికట్ట నిలుస్తుందన్న ధైర్యం కాటన్‌కి కావేరి మీద ప్రాచీన చోళులు కట్టిన కల్లణైని చూసి వచ్చింది. తమిళ నేల మీద పాతకాలపు మేస్త్రీలు కనిపెట్టిన కిటుకు గోదావరిని నిలబెట్టిందన్నమాట. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా, లంకల్ని కలుపుకుంటూ సాగిందా ఆనకట్ట. దాని చోట 1970లో మొదలుపెట్టి 1982 నాటికి 175 గేట్ల బ్యారేజీ కట్టారు. దానికీ కాటన్ పేరే పెట్టారు. నేడు దాని కింద సుమారు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి.

ఆనకట్ట కన్నా తక్కువమంది చూసే వింత కోనసీమలోని గన్నవరం అక్విడక్టు. వైనతేయ పాయ అవతల ఉన్న నగరం లంకకి నీళ్లు ఎలా పంపాలి? పాయ మీదుగా 49 కమానులు కట్టి, వాటి మీద కాలవనే నడిపించారు. కింద గోదావరి పాయ పారుతుంటే పైన గోదావరి కాలవ పారేలా చేశారు. ఈ పనులన్నిటిలో కాటన్‌కి కుడిభుజంగా ఉండి, కూలీలని పోగుచేసి, దగ్గరుండి పని చేయించినవాడు వీణం వీరన్న. స్నానం వేళ కాటన్‌ని తలుచుకుని అర్ఘ్యం విడిచేవారని మన పెద్దలు చెప్పుకుంటారు. ఆ తలపులో వీరన్నకీ చోటుండాలి.

ఒక ఊరు, నాలుగు వంతెనలు

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరి వెడల్పు దాదాపు మూడు కిలోమీటర్లు. 1900లో మద్రాసు గవర్నరు హేవలాక్ పేరుతో 56 స్పానుల రైలు వంతెన వచ్చింది. సరిగ్గా 97 ఏళ్లు రైళ్లని మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974లో కింద రైలు, పైన రోడ్డుతో రెండోది వచ్చింది. దేశంలోని పొడవైన రోడ్డు-రైలు వంతెనల్లో అదొకటి. 1997 నాటి మూడోదానికి 28 కాంక్రీటు విల్లులు. ఒక్కొక్క విల్లు దాదాపు 97 మీటర్లు. సాయంత్రం పుష్కరాల రేవులో కూర్చున్నవాళ్లకి ఈ విల్లుల వరసే గోదావరి. 2015లో నాలుగోది, రోడ్డు వంతెన.

ఆదికవి, ఆ పెళ్లి

తెలుగులో మనకి దక్కిన తొలి కావ్యం ఈ ఒడ్డునే పుట్టింది. 11వ శతాబ్దంలో రాజమండ్రిలో రాజరాజనరేంద్రుడు కోరగా నన్నయ భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడు. ఎనిమిది శతాబ్దాలు గడిచాక అదే ఊళ్లో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా వెలివేసినా వెనక్కి తగ్గలేదు. రాజమండ్రి పొందిన ‘తొలి’ల్లో నేను తలెత్తుకుని చెప్పుకునేది ఈ పెళ్లే.

సుడిగాలికి పేరు దొరికిన రోజులు

కాకినాడ పక్కన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. అక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన మనవాళ్లని రంగూన్‌లో కోరంగీలనే పిలిచేవారు. 1789లో మూడు ఉప్పెన కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ ఊరిని ముంచాయి. కలకత్తాలో తుపానుల్ని అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ ఈ ఉప్పెన గురించి రాశాడు. 1848లో ‘సైక్లోన్’ అన్న మాటని లోకానికిచ్చింది ఆయనే. అంతకుముందే 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చి కోరంగిని కొట్టేసింది. రేవుగా ఆ ఊరు మళ్లీ కోలుకోలేదు.

నేడు అక్కడున్నవి మడ అడవులు. 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యంలో బావురుపిల్లులు, నీటికుక్కలు తిరుగుతాయి. దాని ఎదుట సుమారు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ ఉంది. దాన్ని హోప్ ఐలాండ్ అంటారు. గోదావరి తెచ్చిన ఇసుకా ఒండ్రూ గత రెండొందల ఏళ్లలో పేరుకుని ఏర్పడిన దిబ్బ అది. కాకినాడ రేవుని అలల నుంచి కాస్తున్న గోడ కూడా అదే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి అక్కడికొస్తాయి.

గోదారి గట్టున ఫ్రెంచి ఊరు

గోదావరి పాయైన గౌతమి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల యానాం 1954 దాకా ఫ్రెంచి వారిది. చుట్టూ ఆంధ్రా, పాలన మాత్రం వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరిది. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం వచ్చినప్పుడు అది ఫ్రెంచి నేలకి వర్తించలేదు. దాంతో చుట్టుపక్కల వాళ్లు చిన్నపిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పెళ్లిళ్లు చేసేవారు. అందుకే యానానికి కల్యాణపురమన్న పేరొచ్చింది. పేరు ముచ్చటగా ఉన్నా దాని వెనక చదువు, బాల్యం పోగొట్టుకున్న ఆడపిల్లలున్నారు.

65 రోజులు ఆరని మంట

కృష్ణా గోదావరి బేసిన్ దేశంలోని పెద్ద సహజవాయు నిక్షేపాల్లో ఒకటి. నదులు కోట్ల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు కిందే ఆ గ్యాసు దాగింది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో బావి తవ్వుతుంటే గ్యాసు ఎగదన్ని మంటలంటుకున్నాయి. కొబ్బరిచెట్లని మించి లేచిన ఆ మంటని ఆర్పడానికి 65 రోజులు పట్టింది. రాత్రులు పగళ్లయిన ఆ రోజుల్ని అక్కడివాళ్లు మరిచిపోలేదు.

కాలవ దాటే ప్రభలు

కనుమ రోజున కోనసీమలోని జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు కలుసుకుంటారు. అక్కడ గుడి లేదు, కొబ్బరితోట మాత్రమే ఉంది. వెదురుతో కట్టి రంగుల బట్టలతో అలంకరించిన ఎత్తయిన ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు వైపు నుంచి వచ్చేవి వరిచేలు తొక్కుకుంటూ, నడుంలోతు కౌశిక కాలవలోంచి దాటుతాయి. తొక్కిన చేను బాగా పండుతుందని రైతుల నమ్మకం. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే.

ఎదురీదే చేప, రెక్కంత రేకు, కొండంత లడ్డు

ఈ లోయలో అన్నీ ఎగువ నుంచి దిగువకే వస్తాయన్న మాటకి ఒక మినహాయింపు ఉంది, అది పులస. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. ఎర్రనీరు దిగగానే గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది. ఈదే కొద్దీ ఉప్పుదనం పోయి రుచి పెరిగి పులసవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత అందుకే పుట్టింది.

ఆత్రేయపురంలో కుండని బోర్లించి కింద మంటపెట్టి, పలుచని బియ్యపు పిండినీళ్లలో ముంచిన గుడ్డని దాని మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. చేత్తో పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇటు మడతకాజాల ఊరు తాపేశ్వరంలో 2016 వినాయక చవితి రోజుల్లో 29,465 కిలోల లడ్డు చేసి గిన్నిస్ రికార్డుకెక్కారు. గోదావరి జిల్లాలవాళ్ల చేతుల్లో పలుచనిదీ, బరువైనదీ కూడా మిఠాయే.

తగ్గకూడని ఒక రికార్డు

చివరగా, మొదట చేతిలోకి తీసుకున్న ఒండ్రు దగ్గరికి వద్దాం. 1970లలో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రుని సముద్రం దాకా తెచ్చేదని, 1990ల నాటికి అది ఆరు కోట్ల టన్నులకి లోపే మిగిలిందని పరిశోధకులు లెక్కతేల్చారు. పైన కట్టిన ఆనకట్టల వెనక మిగతాది నిలిచిపోతోంది. డెల్టా అంటే ఒకసారి పోసి వదిలేసిన మట్టి కాదు. ఏటేటా కొత్త మట్టి పడకపోతే పాతది కుంగుతుంది, సముద్రం కోసుకుపోతుంది. గోదావరి ముఖద్వారాల్లో తీరం వెనక్కి జరుగుతున్నది అందుకే. ఎగువన ఉన్నవాళ్లకి నీళ్లు కావాలి, అది న్యాయం. దిగువన ఉన్నవాళ్లకి నీళ్లతో పాటు మట్టీ కావాలి. నీళ్ల వాటాల మీద ఎన్నో తగవులు విన్నాం. మట్టి వాటా గురించి ఒక్క మాటా వినలేదు.

బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరికి పుష్కరాలు. నాశిక్‌లో కుంభమేళా జరిగేది కూడా ఆ గ్రహం లెక్కనే. నది మొదట, చివర ఒకే ముహూర్తానికి స్నానం చేస్తాయి. 2015 తర్వాత మళ్లీ 2027లో ఆ పండగ వస్తోంది. రేవులో మునిగి, చెంబుతో గోదారి నీళ్లు ఇంటికి తెచ్చుకుంటాం కదా. ఎర్రనీళ్ల కాలమైతే మర్నాటికి చెంబు అడుగున పలుచగా ఒండ్రు పేరుకుంటుంది. దాన్ని పారబోయకండి, తులసికోటలో పోయండి. మనం చూడని ఊళ్ల పొలం అది. మన పెరట్లో మొక్కై లేస్తుంది.